గేమ్స్ పీరియడ్ ఎవరు తినేశారు?

పొద్దున్నే మన విశాఖ బీచ్ రోడ్డు మీద ఎవరు నడుస్తుంటారో ఎప్పుడైనా గమనించారా? నడిచేవాళ్ల కోసం బళ్లు రానివ్వని ఆ కాస్త సేపట్లో కాళీమాత గుడి నుంచి వైఎంసీఏ దాకా చూడండి, ఎక్కువమంది యాభై దాటినవాళ్లే, షుగరో బీపీయో వచ్చాక డాక్టరు గట్టిగా చెప్తే షూ కొనుక్కున్నవాళ్లే. మంచిదే, నడవండి. మరి మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లాడేడీ? స్టడీ అవర్‌లో కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడు.

5 నుంచి 17 ఏళ్ల వాళ్లు రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా కదలాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో 11-17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి అంత కదలిక లేదు. ఇదంతా పిల్లల బద్ధకమేనంటే నేనొప్పుకోను. తెల్లారగానే వ్యాను, సాయంత్రం ట్యూషన్, ఆదివారం టెస్టు, గాజువాకలోనో మధురవాడలోనో అపార్ట్‌మెంటులాంటి కాలేజీ, దానికి గ్రౌండు అంటే సార్ల స్కూటర్లు పెట్టుకునే చోటు!

బరువు గొడవ పక్కన పెట్టండి. ఒళ్లు కదిలిస్తే తేడా తెలిసేది వేరే చోట. పడుకోగానే నిద్ర పట్టడం, అమ్మ పిలవగానే కస్సుమనకపోవడం, ఫ్రెండ్స్ సింహాచలం మెట్లెక్కుదామంటే సాకులు వెతకకపోవడం, అవీ. ఆటలాడే పిల్లలు హుషారుగా ఉంటారంటారు, నిజమే, కానీ హుషారున్నవాడే ఆటకి వెళ్తాడు కూడా. అందుకే వారాల తరబడి దిగులుగా ఉన్న పిల్లని "లే, పోయి పరిగెత్తు" అంటే సరిపోదు, డాక్టరుకి చూపించాలి.

ఇక తిండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో నీరసం, మనమేమో దానికి సోమరితనం అని పేరు పెడతాం. టిఫిన్ తినకుండా పరిగెడతారు, తర్వాత సమోసా, టీ. తిండితో పాటు టీ తాగితే ఆ తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. అదే తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది, పైసా ఖర్చు లేదు.

మన వైపు చోడి (రాగి) అంబలి, ఎండు నెత్తళ్లు (చిన్న చేపలు) ముసలాళ్ల తిండి అయిపోయాయి, అదేం విడ్డూరమో. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, ఎముక గట్టిపడేది చాలా వరకు ఇరవై ఏళ్ల లోపే. ఇవి వదిలేసి పదిహేడేళ్ల కుర్రాడు వేలు పోసి ప్రొటీన్ డబ్బా కొంటాడు, రోజుకి రెండు గుడ్లు మాత్రం తినడు. బీచ్‌లో అమ్మే మురీ (మరమరాల) మిక్స్చర్ మీద నాకే పగా లేదు, నడిచి వెళ్లి తినండి.

పేరెంట్స్, ఈసారి మీటింగ్‌లో ర్యాంకు కంటే ముందు గేమ్స్ పీరియడ్ ఎప్పుడో అడగండి. టైమ్‌టేబుల్ తీసి చూపిస్తారు. ఇంటికొచ్చాక ఆ పీరియడ్ లెక్కల సార్ తీసుకుంటున్నారా, ఫిజిక్స్ సారా అని పిల్లాడిని అడిగి, కింద కామెంట్లో రాయండి.