రెండో ప్రాధాన్యం అడగని బ్యాలెట్

హోస్ట్: అందరికీ నమస్కారం. అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చాయంటే మన ఇళ్లలో కూడా ఎవరు గెలుస్తారన్న చర్చే. ఈ ఎపిసోడ్‌లో గెలుపోటములు కాసేపు పక్కన పెడదాం. అక్కడి ఓటరు మనసులో ఉన్నదాంట్లో ఎంత బ్యాలెట్ మీదికి వస్తుందో మాట్లాడుకుందాం. మన అతిథి అమెరికా ఈశాన్య కొసన ఉన్న మేన్ రాష్ట్రంలో స్థిరపడ్డ తెలుగావిడ. అక్కడి ఓటరు కూడా. అక్కా, నమస్తే. సూటిగానే అడుగుతాను. మీ దగ్గర నచ్చినవాళ్లకి ఓటేస్తారా, నచ్చనివాళ్లు రాకూడదని వేస్తారా?

అతిథి: నమస్తే తమ్ముడూ. రెండో రకం వాళ్లు చాలామంది. మనసులో ముగ్గురు నలుగురికి ఒక వరుస ఉంటుంది. ఫలానా ఆయన ఇష్టం, ఆయన కాకపోతే ఈవిడ, ఆ మూడో మనిషి మాత్రం వద్దే వద్దు. చాలా రాష్ట్రాల్లో బ్యాలెట్ వీటిలో ఒక్క పేరే అడుగుతుంది. ఇష్టమైన మనిషి చిన్న పార్టీ అయితే, ఓటు వృథా అవుతుందేమోనని టెన్షన్. చివరికి రెండు పెద్ద పార్టీల్లో ఎవరంటే తక్కువ భయమో వాళ్లకే వేసి వస్తారు.

హోస్ట్: ఆ భయానికి 2000 ఎన్నికే కారణమంటారు.

అతిథి: అదే. ఫ్లోరిడాలో జార్జ్ బుష్ 537 ఓట్ల తేడాతో గెలిచారు. గ్రీన్ పార్టీ నుంచి నిలబడ్డ రాల్ఫ్ నేడర్‌కి అక్కడ 97 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. బుష్ ప్రత్యర్థి అల్ గోర్‌కి దేశం మొత్తం మీద ఐదు లక్షలకు పైగా ఎక్కువ ఓట్లొచ్చినా అధ్యక్ష పదవి దక్కలేదు. అందరూ ఫ్లోరిడానే చెప్తారు గానీ, మా పక్క రాష్ట్రం న్యూ హాంప్‌షైర్ సంగతి చూడు. అక్కడ బుష్ ఆధిక్యం సుమారు 7,200. నేడర్‌కి వచ్చినవి 22 వేలు. అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాలవారీగా ఉండే ఎలక్టోరల్ ఓట్లు, గెలుపుకి 270 కావాలి. ఆ రాష్ట్రానికున్న 4 ఎలక్టోరల్ ఓట్లు కలిస్తే గోర్ 270కి చేరేవారు. ఫ్లోరిడాతో పనే ఉండేది కాదు.

హోస్ట్: అంటే నేడర్ ఓట్లన్నీ గోర్‌వే అనుకోవచ్చా?

అతిథి: అక్కడే తొందరపడకూడదు. నేడర్ లేకపోతే ఎవరికి వేసేవారని ఎగ్జిట్ పోల్స్‌లో అడిగారు. సుమారు సగం మంది గోర్ అన్నారు, ఐదోవంతు బుష్ అన్నారు. మిగతావాళ్లు అసలు పోలింగ్‌కే వచ్చేవాళ్లం కాదన్నారు. వాళ్ల అసలు వరుస ఏమిటో బ్యాలెట్ అడగలేదు కాబట్టి పాతికేళ్లుగా ఊహలే నడుస్తున్నాయి. ఆ నింద నేడర్ మీద వేయడం నాకు న్యాయంగా అనిపించదు. నిలబడే హక్కు ఆయనకుంది, ఆయనకు ఓటేసే హక్కు వాళ్లకుంది. లోపం ఆ కాగితంలో ఉంది.

హోస్ట్: 1992లో స్వతంత్రంగా నిలబడ్డ రాస్ పెరోది కూడా ఇదే కథ కదా?

అతిథి: పైకి అలాగే కనిపిస్తుంది. పెరోకి దేశమంతటా దాదాపు 19 శాతం ఓట్లు వచ్చాయి, ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ రాలేదు. 43 శాతంతో బిల్ క్లింటన్ గెలిచారు. పెరో వల్లే అప్పటి అధ్యక్షుడు, జార్జ్ బుష్ తండ్రి అయిన పెద్ద బుష్ ఓడిపోయారని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. కానీ ఎగ్జిట్ పోల్స్‌లో పెరో ఓటర్ల రెండో ఇష్టం క్లింటన్‌కీ బుష్‌కీ చెరో 38 శాతంగా తేలింది. మా మేన్‌లో అయితే పెరో ఏకంగా రెండో స్థానంలో నిలిచారు. బుష్ కుటుంబానికి ఇక్కడ కెన్నెబంక్‌పోర్ట్‌లో సముద్రం ఒడ్డున సొంత ఇల్లుంది. అయినా 300 పైచిలుకు ఓట్ల తేడాతో ఆయన మూడో స్థానానికి పోయారు. ఇక్కడివాళ్లకి మూడో మనిషిని నమ్మడం కొత్తేం కాదు.

హోస్ట్: మరి ఆ బ్యాలెట్‌ని మీవాళ్లు ఎలా మార్చుకున్నారు?

అతిథి: 2010 గవర్నర్ ఎన్నికతో మొదలైంది. ఇక్కడ గవర్నర్ అంటే మీ ముఖ్యమంత్రిలా రాష్ట్రాన్ని నడిపే మనిషి, జనమే ఎన్నుకుంటారు. పాల్ లెపేజ్ 38 శాతం లోపు ఓట్లతోనే గెలిచారు. మిగతా ఓట్లన్నీ చీలిపోయాయి. సగం మంది కూడా కోరుకోని మనిషి ఎలా గెలుస్తాడని జనంలో చర్చ రేగింది. 2016లో ప్రజలే ఓటేసి ప్రాధాన్య ఓటు పద్ధతి తెచ్చుకున్నారు. 2020లో అధ్యక్ష ఎన్నికకి కూడా వాడారు. దేశంలో అదే మొదటిసారి.

హోస్ట్: ఆ బ్యాలెట్ ఎలా ఉంటుందో చెప్పండి. ఇక్కడ మాకు బటన్ నొక్కడమే అలవాటు.

అతిథి: పెద్ద కాగితం. ఎడమ పక్క ఒకరి కింద ఒకరు అభ్యర్థుల పేర్లు. పైన అడ్డంగా మొదటి ఇష్టం, రెండో ఇష్టం, మూడో ఇష్టం అని వరుసలు. ప్రతి పేరుకి ఎదురుగా చిన్న చిన్న గుండ్రటి గడులు. 2024లో హారిస్, ట్రంప్, చేజ్ ఆలివర్, జిల్ స్టైన్, కార్నెల్ వెస్ట్ ఉన్నారు. మొదటి వరుసలో ఒక గడి నింపాలి, రెండో వరుసలో ఇంకొకరిది. ఇష్టం లేకపోతే ఒక్కటి నింపి ఆపేయొచ్చు, ఆ ఓటు చెల్లుతుంది. ఒకే మనిషికి అన్ని వరుసల్లో నింపితే బలం పెరుగుతుందనుకునేవాళ్లున్నారు. అది ఒక్క ఓటే, ఆ మనిషి పోటీలోంచి పోతే దాని పని అయిపోయినట్టే.

హోస్ట్: మా పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికే గుర్తొస్తోంది అక్కా! పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేస్తాం. వాళ్లిచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్నే వాడాలి. టిక్ పెడితే ఓటు చెల్లదు.

అతిథి: లెక్కింపు కూడా అదే. ఎవరికీ సగం దాటకపోతే అడుగున ఉన్నవాళ్లని తీసేస్తారు. వాళ్ల ఓట్లు ఆ కాగితం మీదున్న తర్వాతి పేరుకి వెళ్తాయి. మీ దగ్గర ఎలిమినేషన్ రౌండ్లు రాత్రంతా టీవీలో చూస్తారు కదా, అదే ఇది. మనవాళ్లకి ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. 1969 రాష్ట్రపతి ఎన్నిక. పోటీ వీవీ గిరి, నీలం సంజీవరెడ్డి మధ్య. ఇద్దరూ తెలుగువాళ్లే. సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమని ఇందిరాగాంధీ పిలుపిచ్చారు. మొదటి లెక్కలో గిరికి 4,01,515 విలువైన ఓట్లు వచ్చాయి. గెలవడానికి కావాల్సిన 4,18,169 అందలేదు. మూడో స్థానంలో ఉన్న సీడీ దేశ్‌ముఖ్‌కి లక్షకు పైగా ఉన్నాయి. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాకే గిరి 4,20,077తో గట్టెక్కారు.

హోస్ట్: ఆ రెండో ప్రాధాన్య ఓట్లు ఎక్కువగా సంజీవరెడ్డికే వెళ్లాయి కదా, అయినా సరిపోలేదు.

అతిథి: అవును, ఆయన మూడు లక్షల చిల్లర నుంచి నాలుగు లక్షలు దాటారు. ఎవరి మనసు ఎటుందో కాగితం మీదే ఉంది కాబట్టి ఎవరూ ఊహించాల్సిన పని పడలేదు. మా దగ్గర 2018లో అలాంటిదే జరిగింది, కాకపోతే అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో దిగువ సభ సీటుకి. బ్రూస్ పాలిక్విన్ మొదటి లెక్కలో సుమారు 2,000 ఓట్లు ముందున్నారు. స్వతంత్రుల ఓట్లు పంచాక జారెడ్ గోల్డెన్ గెలిచారు. అధ్యక్ష ఎన్నికలో ఆ అవసరం ఇంకా రాలేదు. 2020లో బైడెన్, 2024లో హారిస్ రాష్ట్రం మొత్తం మీద మొదటి లెక్కలోనే సగం దాటారు.

హోస్ట్: మరి మిగతా రాష్ట్రాలు ఎందుకు వెనకాడుతున్నాయి?

అతిథి: అర్థం కాదన్న భయం, ఫలితం ఆలస్యమవుతుందన్న భయం. అంతకన్నా రెండు పెద్ద పార్టీలకీ ఉన్న పట్టు. ఫ్లోరిడా 2022లో ఈ పద్ధతిని నిషేధించింది. 537 ఓట్ల రాష్ట్రమే అలా చేసిందంటే నాకు బాధగా ఉంటుంది. నెవాడా ఓటర్లు 2022లో సరేనని, 2024లో వద్దన్నారు. అలాస్కాలో రద్దు చేయాలన్న ప్రయత్నం 2024లో వెయ్యి ఓట్లకన్నా తక్కువ తేడాతో వీగిపోయింది. అభ్యంతరాల్లో ఒకటి మాత్రం నేనూ ఒప్పుకుంటాను. ఒక్క పేరే నింపి వదిలేస్తే, ఆ మనిషి పోటీలోంచి పోయినప్పుడు వాళ్ల ఓటు చివరి లెక్కలో ఉండదు. అందుకే వరుస పెట్టడం ఇంటింటికీ నేర్పాలి.

హోస్ట్: సర్వేలు ఈ వరుసని పట్టుకోగలవా?

అతిథి: కొంతవరకే. 2024లో ఇద్దరి పేర్లే చెప్పి అడిగితే ఒక అంకె, స్వతంత్ర అభ్యర్థి రాబర్ట్ కెనెడీ జూనియర్ పేరు కలిపితే ఇంకో అంకె. ఆగస్టులో ఆయన ప్రచారం ఆపేసి ట్రంప్‌కి మద్దతిచ్చినా, మిషిగన్, విస్కాన్సిన్ బ్యాలెట్ల మీద పేరు అలాగే ఉండిపోయింది. అక్కడ ఆయన పేరు ఎదురుగా గడి నింపినవాళ్ల రెండో ఇష్టం ఎవరో ఎవరికి తెలుసు?

హోస్ట్: ఇంతకీ మీ గవర్నర్ ఎన్నికతోనే కదా ఇదంతా మొదలైంది. ఇప్పుడు గవర్నర్‌ని కూడా ఇలాగే ఎన్నుకుంటున్నారా?

అతిథి: లేదు తమ్ముడూ, అదే నా ఆవేదన. ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్లే గవర్నర్ అని రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది. కాబట్టి తుది పోటీలో ఈ పద్ధతి చెల్లదని 2017లో మా రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల్లో వరుస పెడతాం, అధ్యక్షుడికి పెడతాం, గవర్నర్ తుది పోటీ దగ్గరికొచ్చేసరికి ఒకే గడి. మార్చాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, ఆ తర్వాత జనం ఓటేయాలి. ఆ ఓటు వచ్చిన రోజు పొద్దున్నే నేను క్యూలో ఉంటాను.