తుపాకి ఎవరి పేరు మీద ఉండాలి?

అందరికీ నమస్కారం. తెలుగువాళ్ల సభలో తుపాకుల మీద ఉపన్యాసం ఏమిటని ఇందాక టీ దగ్గర ఒకరిద్దరు ఆటపట్టించారు. టెక్సాస్‌లో స్థిరపడ్డ మనవాళ్లలో వారాంతాల్లో తుపాకి కాల్చే రేంజ్‌కి వెళ్లేవాళ్లు, చలికాలంలో జింకల వేటకి వెళ్లేవాళ్లు బాగానే ఉన్నారు. వీలునామాలు, ట్రస్టులు రాయడం నా వృత్తి కాబట్టి వాళ్ల ప్రశ్నలు చివరికి నా బల్ల మీదికే వస్తాయి.

మామూలు పిస్టల్, మామూలు రైఫిల్ సంగతి పక్కన పెడదాం. ఇవాళ్టి విషయం 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కిందికి వచ్చేవి. అంటే ముఖ్యంగా తుపాకి చప్పుడు తగ్గించే సైలెన్సర్లు, గొట్టం 16 అంగుళాల లోపు ఉన్న రైఫిళ్లు, 18 అంగుళాల లోపు ఉన్న షాట్‌గన్‌లు, మెషిన్ గన్‌లు. వీటిలో ప్రతి ఒక్కటీ ఫెడరల్ రిజిస్టర్‌లో ఫలానావారిదని నమోదై ఉండాలి. తుపాకుల వ్యవహారం చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ ఆమోదం వచ్చాకే కొట్టువాడు చేతికిస్తాడు. 90 ఏళ్లుగా కదలకుండా ఉన్న 200 డాలర్ల పన్ను, 2025 జూలైలో వచ్చిన చట్టంతో 2026 జనవరి 1 నుంచి సైలెన్సర్లకీ, పొట్టి రైఫిళ్లకీ, పొట్టి షాట్‌గన్‌లకీ సున్నా అయింది. పన్నుతో పాటు రిజిస్ట్రేషన్ కూడా పోయిందని కొందరు అనుకుంటున్నారు. పోలేదు. ఫారం, వేలిముద్రలు, ఫోటో, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అన్నీ అలాగే ఉన్నాయి. నమోదు కాని వస్తువు దగ్గరుంటే పదేళ్ల దాకా జైలు.

ఆ ఫారంలో యజమాని పేరు రాసే చోట మూడు దారులున్నాయి. మీ సొంత పేరు, కంపెనీ పేరు, ట్రస్ట్ పేరు. మీరు ఊళ్లో లేనప్పుడు ఆ వస్తువు దగ్గర చట్టప్రకారం ఎవరుండొచ్చు, మీ తర్వాత అది ఎవరికి పోతుంది అన్నది తేల్చుకుంటే, ఏ పేరు రాయాలో దాదాపు తేలిపోయినట్టే.

సొంత పేరు అన్నిటికన్నా తేలిక. ఒంటరిగా ఉండేవాళ్లకి నేను వేరే ఏదీ చెప్పను, ఫీజు రాదని తెలిసినా సరే. చిక్కంతా ఇల్లాలు ఉన్న ఇంట్లో. మీ పేరున ఉన్న సైలెన్సర్‌తో మీరు పక్కన ఉండగా ఆవిడ రేంజ్‌లో కాల్చవచ్చు. మీరు నెల రోజులు హైదరాబాద్ వెళ్లి, సేఫ్ నంబర్ ఆవిడకి తెలిసి ఉంటే? వస్తువు చేతిలో లేకపోయినా, తీసుకునే వీలు, అదుపు ఉంటే అది కూడా స్వాధీనమే అంటుంది చట్టం. భార్యాభర్తలని మినహాయింపేమీ లేదు. యజమాని పోతే మాత్రం దారి ఉంది. ఎస్టేట్ వ్యవహారం చూసే ఎగ్జిక్యూటర్ దాన్ని భద్రపరచి, ఫారం 5 మీద వారసుడికి పన్ను లేకుండా బదిలీ చేయించవచ్చు.

ఇక కంపెనీ. ఎల్‌ఎల్‌సీ, అంటే యజమాని బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీ, పెట్టి అందులో పెట్టెయ్ అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది పాత సలహా. 2016 జూలై 13కి ముందు సొంత పేరున అర్జీ పెట్టాలంటే స్థానిక షెరీఫ్‌దో పోలీసు చీఫ్‌దో సంతకం కావాలి. కొందరు అసలు పెట్టేవాళ్లే కాదు. కంపెనీకీ ట్రస్టుకీ ఆ సంతకం అక్కర్లేదు, వేలిముద్రలూ అక్కర్లేదు. అందుకే జనం అటు పరుగెత్తారు. ఆ తేదీ నుంచి 41ఎఫ్ అనే నిబంధన అమల్లోకి వచ్చింది. సంతకం బదులు వాళ్లకి ఒక కాపీ పంపితే చాలు. దానికి బదులుగా, కంపెనీలో గాని ట్రస్టులో గాని ఆ ఆయుధాల మీద పెత్తనం ఉన్న ప్రతి ఒక్కరూ వేలిముద్రలు, ఫోటో ఇవ్వాలి. కారణం పోయింది, సలహా మిగిలింది.

మనవాళ్లలో చాలామందికి కన్సల్టింగ్‌కో, అద్దె ఇళ్లకో ఇప్పటికే ఒక ఎల్‌ఎల్‌సీ ఉంటుంది. దయచేసి ఆయుధాలు అందులో వేయకండి. అద్దెకున్నవాడు మెట్ల మీద జారిపడి కేసు వేసి గెలిస్తే, ఆ కంపెనీ ఆస్తులన్నీ అప్పు కింద లెక్కకొస్తాయి, మీ సైలెన్సర్‌తో సహా. కొత్తది పెడదామంటే టెక్సాస్‌లో రిజిస్ట్రేషన్‌కే 300 డాలర్లు. ఆపైన ఏటా రిపోర్టు, అందులో మీ పేర్లు ఎవరైనా చూడవచ్చు. రిపోర్టు మర్చిపోతే రాష్ట్రం కంపెనీ హక్కులు రద్దు చేస్తుంది. కంపెనీ మూసేసి ఆయుధాలు మీ పేరున తెచ్చుకోవడం కూడా బదిలీయే, ముందుగా ఏటీఎఫ్ అనుమతి కావాలి. ట్రైనింగ్ స్కూలో, రేంజో నిజంగా నడిపేవాళ్లకి కంపెనీ సరైనదే. సరదాకి కొనేవాళ్లకి అనవసరపు బరువు.

కుటుంబం ఉన్నవాళ్లకి నేను ఎక్కువగా రాసేది ట్రస్టే. మీరు ట్రస్ట్ ఏర్పాటు చేసి, మీరూ మీ ఆవిడా ట్రస్టీలుగా, అంటే ఆ ఆస్తిని చూసుకునేవాళ్లుగా, ఉంటారు. ఇద్దరిలో ఎవరు ఇంట్లో ఉన్నా తప్పు లేదు. పిల్లలు లబ్ధిదారులు. వాళ్లకి ఆయుధాల మీద పెత్తనం ఇవ్వనంతవరకు వేలిముద్రలు అక్కర్లేదు. దీన్ని రాష్ట్రం దగ్గర రిజిస్టర్ చేయనక్కర్లేదు, ఏటా రిపోర్టు లేదు. అయితే ఇల్లూ బ్యాంకు ఖాతాలూ ఉన్న మామూలు లివింగ్ ట్రస్టులోనే ఇవీ కలిపేయకండి. అందులో ట్రస్టీకి అమ్మే, పంచే అధికారం అడ్డూ అదుపూ లేకుండా రాసి ఉంటుంది. మీరు పోయాక ట్రస్టీ అయిన, కాలిఫోర్నియాలో ఉన్న మీ తమ్ముడు ఆ కాగితం చూసుకుని సైలెన్సర్‌ని కారులో వేసుకుని వెళితే, పాపం, తెలియకుండానే నేరం చేసినట్టు. రేంజ్ స్నేహితులందరినీ ట్రస్టీలుగా పెట్టే ఉత్సాహం కూడా వద్దు. కొత్త వస్తువు కొన్న ప్రతిసారీ అందరి వేలిముద్రలూ పోగు చేయాలి.

మనకి ప్రత్యేకంగా వర్తించేది ఇంకా చెప్పలేదు. హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1, విజిటర్ వీసా, ఇలా నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మామూలు తుపాకి అయినా అంతే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఆ నిషేధం లేదు. గ్రీన్‌కార్డుకి అర్జీ పెట్టడం గ్రీన్‌కార్డు కాదు. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సుతో ఒక మినహాయింపు ఉంది గాని, దాని మీద ఆధారపడి ఎవరినీ ట్రస్టీ చేయవద్దనే నా సలహా. లైసెన్సు గడువు తీరిన మర్నాడు పరిస్థితి ఏమిటి? పౌరులు కానివారికి ఆయుధాల నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయవచ్చు, గ్రీన్‌కార్డు ఉన్నా సరే. కాబట్టి ట్రస్టులో పేరు రాసే ముందు ఆ మనిషి స్టేటస్ కాగితం చూడండి. తమ్ముడు హెచ్‌1బీ మీద మీ ఇంట్లోనే ఉంటే సేఫ్ నంబర్ అతనికి చెప్పకండి. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి గెస్ట్ రూమ్‌లో దిగితే, ఆ గదిలో సేఫ్ ఉండకూడదు.

పొలం అత్తగారి పేరున, ప్లాటు బావమరిది పేరున పెట్టడం మనకి అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. కొట్టులో అసలు కొనుగోలుదారు ఎవరన్న ప్రశ్నకి అబద్ధం రాయడం నేరం. అంకుల్ కోసం పిస్టల్ కొన్న ఒక మాజీ పోలీసు కేసులో, ఆ అంకుల్‌కి తుపాకి కొనే హక్కు ఉన్నా సరే, శిక్ష సరైనదేనని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది.

న్యూజెర్సీకి మారబోయేవాళ్లకి ఒక మాట. అక్కడ సైలెన్సర్ సామాన్యులకి నిషేధం, కాలిఫోర్నియాలోనూ, న్యూయార్క్‌లోనూ అంతే. ఏ పేరున ఉన్నా తేడా లేదు. పొట్టి రైఫిల్‌ని రాష్ట్రం దాటించాలంటే ముందే ఏటీఎఫ్ అనుమతి కావాలి. టెక్సాస్‌లో తయారై టెక్సాస్‌లోనే ఉండే సైలెన్సర్‌కి ఫెడరల్ నమోదు అక్కర్లేదని 2021లో మన రాష్ట్రం చేసిన చట్టాన్ని నమ్ముకోకండి, ఫెడరల్ కోర్టులో అది నెగ్గలేదు.

ట్రస్ట్ మీద ముందు సంతకాలు, నోటరీ పూర్తి కావాలి, ఆ తర్వాతే కొట్టులో డబ్బు కట్టండి. ట్రస్ట్ పేరు ఫారంలో అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇక ప్రశ్నలు అడగండి.