మైలేజీ పడిపోతే ఆ మర జోలికి వెళ్ళకండి

[కార్బొరేటర్ పక్కనున్న ఇత్తడి మర, బాగా దగ్గరగా]

ఈ మరను చూడండి. గాలిని, పెట్రోలును కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్‌ది ఇది. చిటికెన వేలి గోరంత ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండి మైలేజీ ఇవ్వడం లేదనగానే అందరూ ముందు స్క్రూడ్రైవర్ పెట్టేది దీని మీదే. "పెట్రోలు కాస్త తగ్గించాను, ఇక చూడండి" అంటారు. తగ్గించిన మాట నిజమే. కానీ ఎప్పటి పెట్రోలు? బండి సిగ్నల్ దగ్గర నిలబడి గుడగుడమంటున్నప్పటిది. ఈ మర పెత్తనం ఐడిలింగ్ మీద, ఆపైన యాక్సిలరేటర్ పావు వంతు తిప్పేదాకా. వేగం అందుకున్నాక పెట్రోలు కొలిచి పోసేవి లోపలున్న సూది, మెయిన్ జెట్ అనే సన్న రంధ్రం.

పైగా అన్ని బళ్ళలో దీని పని ఒకటి కాదు. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే ఇది గాలి మర, బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది. ఇంజను వైపు ఉంటే బయటికి తిప్పినప్పుడు పెట్రోలు పెరుగుతుంది. అది ఏ వైపు ఉందో అడగకుండానే "అర చుట్టు బయటికి తిప్పండి" అని సలహా ఇచ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఊరికే రాలేదు లెండి ఈ కోపం. మా బావమరిది 2013 నాటి 100 సీసీ బండి ఒకటి కొన్నాడు. లీటరుకు 32 కిలోమీటర్లు. నిలబడితే దగ్గుతుంది, గేరు మార్చి లాగితే తడబడుతుంది. ముగ్గురు మెకానిక్‌లు చూశారు, ముగ్గురూ ఈ మరే తిప్పారు. నాలుగో ఆయన ఏకంగా కొత్త కార్బొరేటర్ వేయించాడు. మైలేజీ 33 అయింది.

ఆ ఆదివారం బండి నా దగ్గరికి వచ్చింది.

[పెరట్లో కట్టెల పొయ్యి]

మా నాయనమ్మ పొయ్యి పొగ చిమ్మితే కట్టెలు లెక్కపెట్టేది కాదు. ముందు బూడిద లాగి గాలికి దారి చేసేది. తర్వాత కట్టె పచ్చిదా, ఎండుదా అని చూసేది. ఇంజనూ పొయ్యే. 1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ వంటలో అసలు సరుకు గాలి, పెట్రోలు తాలింపు లాంటిది. మనమేమో తాలింపు గింజలు లెక్కపెడుతూ కూర్చుంటాం.

పొయ్యి ఎలా మండుతోందో కుండ అడుగు చెబుతుంది. బండికి ఆ కుండ అడుగు స్పార్క్ ప్లగ్. కాస్త దూరం నడిపి, ఇంజను చల్లారాక ప్లగ్ విప్పండి. వేడి మీద విప్పితే ప్లగ్ బిగిసే చోట ఇంజనులోని అల్యూమినియం మరలు పాడవుతాయి.

[అరచేతిలో ప్లగ్]

కొన లేత గోధుమ రంగులో ఉంటే మంట బాగుంది. ఇది చూడండి, పొడి మసి, వేలికి కాటుకలా అంటుకుంటోంది. పెట్రోలు ఎక్కువ లేదా గాలి తక్కువ. తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువ, ఇంజను వేడెక్కుతోంది. జిడ్డుగా తడిగా ఉంటే ఇంజను ఆయిల్ పైకి వస్తోందని అర్థం. అప్పుడు అరిగింది పిస్టన్ రింగులా, వాల్వ్ సీళ్ళా అని చూడాలి, ఆ ఖర్చు వేరు. సెకండ్ హ్యాండ్ బండి కొనేముందే ప్లగ్ విప్పి చూపించమనండి. అమ్మేవాడు మొహం చిట్లిస్తే మీకు సగం జవాబు దొరికినట్లే.

మా వాడి ప్లగ్ కాటుక రకం. కాబట్టి గాలి దారి చూడాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీశాను. లోపల ఎలుక గూడు! చింకి గుడ్డ పీలికలు, వేరుశనగ తొక్కలు, వాటి వెనక నల్లగా బిగుసుకుపోయిన ఫిల్టర్. పొయ్యి నోటికి చేట అడ్డం పెట్టి, మంట రావడం లేదని నలుగురు కట్టెలు సవరించారన్నమాట. ముగ్గురిలో ఒక్కరైనా ఈ మూత తీసి ఉంటే కొత్త కార్బొరేటర్ ఖర్చు తప్పేది.

ఫిల్టర్ మార్చాం. దగ్గు తగ్గింది, పూర్తిగా పోలేదు. రెండో అనుమానం చోక్. చోక్ అంటే చల్లటి ఇంజను స్టార్టు చేసేటప్పుడు కావాలని గాలిని మూసే రేకు. హ్యాండిల్ దగ్గర లివర్ కిందికి దిగినా, తీగ తుప్పు పట్టి కార్బొరేటర్ దగ్గర రేకు సగం మూసుకునే ఉండొచ్చు. లివర్‌ను నమ్మకండి, వంగి రేకునే చూడండి. మా వాడిది సరిగ్గానే ఉంది.

మూడోది, పచ్చి కట్టె. నెలల తరబడి కదలకుండా ఉన్న బండి ట్యాంకులో నీరు చేరొచ్చు. కార్బొరేటర్ కింద చిన్న డ్రెయిన్ మర ఉంటుంది. ఆరుబయట, నిప్పుకు దూరంగా, కింద గాజు సీసా పెట్టి అది వదులు చేయండి. ఐదు నిమిషాలు ఆగండి. అడుగున వేరుగా ముత్యాల్లా నిలిచింది నీరు, రేణువులు ట్యాంకు తుప్పు. మా బండి సీసాలో అడుగున అర చెంచా నీరు. ట్యాంకు ఖాళీ చేసి కడిగాం, దగ్గు పోయింది.

ఇక్కడ పెట్రోలులో కలిపే ఇథనాల్‌ను తిట్టేవాళ్ళు వస్తారని తెలుసు. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. 20 శాతం కలిస్తే, శుద్ధ పెట్రోలుతో పోల్చినప్పుడు శక్తి సుమారు 6, 7 శాతం తగ్గుతుంది. అది పాత రబ్బరు భాగాలను పాడుచేస్తుందా అన్నది వేరే చర్చ. కానీ 60 ఇవ్వాల్సిన బండి 32 ఇస్తుంటే ఆ నేరం ఇథనాల్ మీద వేయడం కుదరదు.

దగ్గు పోయినా మైలేజీ 41 దగ్గర ఆగింది. పొయ్యి బాగానే మండుతోంది, కుండకే చిల్లు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పాను. అర చుట్టు తిరిగి ఆగిపోయింది. బ్రేకు పట్టేసి ఉంది! నాలుగు కిలోమీటర్లు నడిపి చక్రం మధ్యనున్న బ్రేకు డ్రమ్ము ముట్టుకుంటే చేయి కాలింది. ఇది పొయ్యి దగ్గర కూర్చుని ఎంత చూసినా కనబడదు.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెబుతాను. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత. చైను మరీ బిగుతుగా వద్దు. క్లచ్ లివర్‌కు కొంచెం ఆట ఉండాలి. ఇంజను అరుస్తున్నా వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. కార్బొరేటర్‌కు, ఇంజనుకు మధ్య రబ్బరు గొట్టం పగిలితే దొంగగాలి దూరుతుంది, ఐడిలింగ్ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు, చల్లటి ఇంజను మీదే సరిచేయాలి. 2020 ఏప్రిల్ తర్వాత తయారైన బండి అయితే దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షనే, అంటే కార్బొరేటర్ బదులు కంప్యూటర్ కొలిచి పెట్రోలు చిమ్మేది, అందులో ఈ మర వెతకకండి. మీటరులో వెలిగే లైటు చూసి లోపం చదివే స్కానర్ పెట్టించండి.

మైలేజీ కొలిచేది కూడా "రెండు వందలు పోయించాను, మూడు రోజులు వచ్చింది" అని కాదు. స్టాండ్ వేసి ఒక గుర్తు దాకా నింపి, కనీసం 150 కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ అదే గుర్తు దాకా నింపి, తిరిగిన కిలోమీటర్లను ఈసారి పోసిన లీటర్లతో భాగించండి.

బ్రేకు సరిచేశాక మా వాడి బండి అలా కొలిస్తే 56. పాత కార్బొరేటరే మళ్ళీ బిగించాం, దానిలో లోపమేమీ లేదు. కొత్తది సంచీలో మేకుకు వేలాడుతోంది. ఎవరైనా కొంటారేమో అడగమన్నాడు.