ఎక్స్‌రేలో కనబడని ఎముకలు

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో బీరువా పై అరలో ఒక ఎక్స్‌రే ఉంది. మా అబ్బాయిది. అప్పటికి వాడికి నాలుగేళ్లు నిండబోతున్నాయి. అపార్ట్‌మెంట్ కింద ఉయ్యాల మీంచి పడ్డాడు, కుడిచెయ్యి వాచింది. తీయించాం. అదృష్టం, ఏమీ విరగలేదు. కానీ డాక్టరు గారు ఆ ఫిల్ము లైటు ముందు పెట్టగానే నేను హడలిపోయాను. ముంజేతి ఎముకలకూ అరచేతి ఎముకలకూ మధ్య అంతా ఖాళీ. ఆ ఖాళీలో శనగగింజల్లాంటివి మూడో నాలుగో ముక్కలు, ఒకదాన్నొకటి తాకకుండా.

"ఇక్కడ ఎముకలు ఏమయ్యాయండీ?" అన్నాను.

ఆయన నవ్వారు. "ఎక్కడికీ పోలేదమ్మా, ఇంకా రాలేదు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అన్నీ మెత్తటి మృదులాస్థే. ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ గట్టిపడుతూ వస్తుంది. మెత్తగా ఉన్నది ఫిల్ములో పడదు" అన్నారు.

ఆయనకది రోజూ చెప్పే మాట. నాకు మాత్రం గొంతు పెగల్లేదు. ఎందుకంటే రెండు రోజుల ముందే ఆ చేతి మీద స్కేలుతో ఒక్కటిచ్చాను.

సంగతేమిటంటే, ఎల్‌కేజీ వాళ్ల నాలుగు గీతల పుస్తకం. కర్సివ్‌లో చిన్న 'ఎఫ్', రెండు పేజీలు. మీరూ ఒకసారి గాలిలో రాసి చూడండి. పైకెక్కి, మెలిక తిరిగి, కిందికి జారి, మళ్లీ మెలిక తిరిగి మధ్యకు రావాలి. వాడు పెన్సిల్ని గరిటె పట్టినట్టు పిడికిట్లో పట్టుకుని, నాలుక బయటపెట్టి మూడు రాశాడు. నాలుగోది రాస్తుంటే పేజీ చిరిగింది. రాత్రి తొమ్మిదయింది. పొద్దున డైరీలో ఎర్ర సిరాతో ఏం రాస్తారోనని నాకు టెన్షన్. చెయ్యి లేచింది.

ఆ బడిది తప్పు కాదని అనను. కానీ "మావాడితో ఏమీ రాయించట్లేదేంటి మేడం?" అని నెలనెలా అడిగిన తల్లుల్లో నేనూ ఉన్నాను. ఆ టీచరు మాత్రం ఏం చేస్తుంది?

ఎముకలు ముదిరేదాకా పిల్లలు పెన్సిల్ ముట్టకూడదని నేననడం లేదు. గోడ మీద బొగ్గుతో గీతలు గీసే వాణ్ణి ఎవరాపగలరు! ఆ రోజు నాకు తట్టింది ఒక్కటే. వాడి చేతిలో ఏముందో నాకు తెలియదు. తెలియకుండానే కొట్టాను.

అలా చదవడం మొదలుపెట్టాను. మొదట దొరికింది గిజుభాయి బధేకా రచనలకు తెలుగు అనువాదం. గుజరాత్‌కు చెందిన ఈయన వకీలు. కొడుకు పుట్టాక, వీణ్ణి ఏ బడికి పంపాలి అని వెతుకుతూ వెతుకుతూ చివరికి వకాలతు వదిలేసి, 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం పెట్టాడు. పిల్లలకు దెబ్బల్లేవు, కథలు, పాటలు, తోటపని. జనం ఆయన్ని 'మీసాల అమ్మ' అని పిలిచేవారట. బడి వెతుక్కుంటూ పోయి తనే బడైపోయిన మనిషి అన్నమాట. నాకు ధైర్యం వచ్చింది.

గిజుభాయి చదివింది మాంటిస్సోరిని. మరియా మాంటిస్సోరి డాక్టరు. 1907 జనవరిలో, రోమ్ నగరంలో శాన్ లోరెంజో అనే పేదల వాడలో, పెద్దలు పనికి పోతే మెట్ల మీద పడి తిరిగే పిల్లల కోసం ఒక గది తెరిచింది. ఒకరోజు ఆవిడ పిల్లలకు ముక్కు ఎలా చీదుకోవాలో చూపించిందట. చప్పుడు కాకుండా, రుమాలు మడతపెట్టి, మర్యాదగా. అది అయిపోగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ముక్కు కారుతోందని ఆ పిల్లల్ని అందరూ తిట్టినవాళ్లే. ఎలా తుడుచుకోవాలో చూపించింది మాత్రం ఆవిడొక్కతే.

ఆవిడ మన పక్కనే చాలా ఏళ్లు ఉంది. 1939లో, అరవై తొమ్మిదేళ్ల వయసులో, దివ్యజ్ఞాన సమాజం పిలిస్తే మద్రాసు అడయారు వచ్చింది. మరుసటేడు ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఇక్కడి బ్రిటిష్ ప్రభుత్వం ఆవిడ కొడుకు మారియోని శత్రుదేశస్థుడని నిర్బంధించింది. ఆవిడ డెబ్భయ్యో పుట్టినరోజుకు, 1940 ఆగస్టు 31న, విడిచిపెట్టారు. యుద్ధం ముగిసేదాకా తల్లీకొడుకులు ఇక్కడే, కొన్నాళ్లు కొడైకెనాల్లో, టీచర్లకు పాఠాలు చెబుతూ ఉండిపోయారు.

చదివినంత తేలిక కాదు బడి వెతకడం. 'మాంటిస్సోరి' అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. మన ఊళ్లలో ఆ బోర్డులకు కొదవా! బోర్డు మీద మాంటిస్సోరి, లోపల అదే నాలుగు గీతల పుస్తకం. మూడింటికి వెళ్లి వచ్చాను. నాలుగోదాంట్లో మూడేళ్ల వాళ్లూ ఆరేళ్ల వాళ్లూ ఒకే గదిలో కలిసి కూర్చున్నారు. టీచరమ్మ ఎక్కడుందో కనుక్కోవడానికే కాసేపు పట్టింది. ఒక మూల చాప మీద, ఒక పిల్ల పక్కన ఊరకే కూర్చుని ఉంది.

ఆ పిల్ల గులాబీ రంగు చెక్క దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పెడుతోంది. మొత్తం పది. అన్నిటికంటే పెద్దది ఒక్కో వైపు పది సెంటీమీటర్లు, చిన్నది ఒక్క సెంటీమీటరు. రంగు ఒక్కటే, ఆకారం ఒక్కటే, సైజు మాత్రమే వేరు. నాలుగోది పెట్టాల్సిన చోట ఐదోది పెట్టేసింది. నాకు చేతులు దురద. "అది కాదమ్మా" అనబోయాను. టీచరమ్మ పలకలేదు, కదలలేదు. పైకి వెళ్లేకొద్దీ ఆ మిగిలిన దిమ్మె ఎక్కడా కుదరట్లేదు. పిల్ల గోపురం చుట్టూ ఒకసారి తిరిగింది. అంతా విప్పేసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తప్పింది. మూడోసారి సరిగ్గా వచ్చింది. ఎవరివైపూ చూడలేదు, ఎవరూ 'గుడ్' అనలేదు. దిమ్మెలన్నీ తీసి అరలో పెట్టేసి నీళ్లు తాగడానికి వెళ్లిపోయింది.

మావాణ్ణి అందులో చేర్చాను. మరుసటేడు నేనే ఏడాది ట్రైనింగులో చేరాను. అక్కడ అన్నిటికంటే కష్టమైన పని ఏమిటో తెలుసా? గంటసేపు స్టూలు మీద కూర్చుని, నోరు మెదపకుండా, పిల్లలు చేసేది రాయడం. 'పాప విసుక్కుంది' అని రాస్తే ఎర్ర గీత పెట్టారు. "విసుగు నీకెలా కనబడింది? 'పాప గిన్నెను పక్కకు తోసింది' అని రాయి" అన్నారు. పన్నెండేళ్లు ఆఫీసులో రిపోర్టులు రాసిన నాకు కళ్లెదుట జరిగేది రాయడం రాదని అప్పుడు తెలిసింది.

ఇంట్లో ఇదంతా ఎలా మొదలైందంటే, అలారంతో. మావాడి షర్టుకు ఐదు బొత్తాలు. వాడే పెట్టుకుంటానంటే పది నిమిషాలు. కింద ఆటో హారన్ కొడుతుంటుంది. పాత రోజుల్లో నేను టకటకా పెట్టేసి, "అన్నీ నేనే చెయ్యాలి" అని విసుక్కునేదాన్ని. ఆ విసుగు కనబడేదే లెండి, ఎర్ర గీత అక్కర్లేదు. అలారం అరగంట ముందుకు జరిపాను. ఈమధ్య దీన్నంతా హోలిస్టిక్ పేరెంటింగ్ అంటున్నారు. ఆ మాట వింటే నాకు వంటనూనె ప్రకటన గుర్తొస్తుంది. నాకర్థమైనంతలో దానర్థం, బడికి పిల్లాడి బుర్ర ఒక్కటే పోదు, వాడి కడుపు, నిద్ర, చేతులు, ఏడుపు అన్నీ వెంటపోతాయని. మరి రాత్రి పదకొండింటిదాకా టీవీ ముందు కూర్చోబెట్టి, పొద్దున బొత్తం పెట్టుకోలేదని తిడితే ఎలా? రెండేళ్ల నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మా ఇంట్లో అది ఇప్పటికీ కొన్ని ఆదివారాలు తప్పుతుంది.

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి. కూలివాళ్ల పిల్లల కోసం పుట్టిన పద్ధతి ఇప్పుడు ఫీజు కట్టగలిగిన వాళ్లదైపోయింది. మా తల్లుల గ్రూపులో ఒకావిడ చెక్క ఇంద్రధనుస్సు బొమ్మకు ఎంత పెట్టిందో చెబుతుంటే నాకు తారాబాయి మోడక్ గుర్తొచ్చింది. గిజుభాయితో కలిసి పనిచేసిన మనిషి. ఆవిడా, అనుతాయి వాఘ్ కలిసి మహారాష్ట్రలో బోర్డీలో, తర్వాత కోస్‌బాడ్‌లో, గిరిజన పిల్లల కోసం బడి నడిపారు. పిల్లలు రాకపోతే బడినే వాళ్ల ముంగిట్లోకి తీసుకెళ్లారు. విత్తనాలు, గులకరాళ్లు, ఆకులు, ఇవే పరికరాలు. అంగన్ అంటే ముంగిలి. అంగన్‌వాడీ అన్న మాట వెనక ఉన్నది ఆ ముంగిలే. 1975 అక్టోబరు 2న ప్రభుత్వ పథకం మొదలైనప్పుడు దేశమంతా పాకిన మాట అది.

పోయిన వేసవిలో తెనాలి దగ్గర మా అమ్మ వాళ్ల ఊళ్లో అంగన్‌వాడీకి వెళ్లాను. టీచరమ్మ ఒక చేత్తో ఫోన్లో పిల్లల బరువులు ఎక్కిస్తోంది, రెండో చేత్తో ఒకడి ముక్కు తుడుస్తోంది. సిగ్నల్ లేదు. నేల మీద నలుగురు పిల్లలు చింతగింజల్ని గవ్వల్నుంచి వేరుచేసి వేరే వేరే కొబ్బరిచిప్పల్లో వేస్తున్నారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి ఒక్కొక్క గింజా తీస్తున్నారు. రేపు పెన్సిల్ పట్టేది ఆ మూడు వేళ్లే. ఆ మాట ఆవిడతో అంటే, "అదేంటో నాకు తెలీదండీ, అల్లరి చేయకుండా ఉంటారని ఇచ్చాను" అంది. అంత నిజాయితీగా మా ట్రైనింగులో ఎవరూ మాట్లాడలేదు.

2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశ అంది, ఆటే పాఠం అంది. కాగితం మీద బాగుంది. ఆ ఫోన్లో ఎక్కించే పని తగ్గిస్తే ఇంకా బాగుంటుంది.

ఇక మా అత్తయ్య. "పలక పట్టని చదువేంటమ్మా? ఎదురింటి పాప వంద దాకా రాసేస్తోంది" అని రోజూ అనేవారు. నాకూ లోపల భయమే. ఒకటో తరగతికి మామూలు బడిలో వేశాం. మొదటి మూడు నెలలు డిక్టేషన్‌లో వెనకపడ్డాడు, నేను రాత్రుళ్లు నిద్రపోలేదు. తర్వాత అందుకున్నాడు. ఎదురింటి పాపా బాగానే చదువుతోంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అత్తయ్య మాట మార్చలేదు కానీ చెయ్యి మార్చుకున్నారు. రేడియో అన్నయ్య, అక్కయ్యల బాలానందం వింటూ పెరిగిన మనిషి ఆవిడ. "అందులో పిల్లలు తప్పు పాడినా పాడనిచ్చేవాళ్లు" అని ఒకరోజు తనే అన్నారు. మొన్న మావాడు వాళ్ల చెల్లెలికి చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు వొంపడం చూపిస్తున్నాడు. దానికి రెండున్నరేళ్లు. చెంబు వంగింది, సగం నీళ్లు అత్తయ్య చీర మీద పడ్డాయి. "అయ్యో" అని చెయ్యి చాపబోయి, రెండు చేతులూ కొంగు కింద పెట్టేసుకున్నారు. పాప చెంబు కింద పెట్టి, తడిసిన నేల వైపు చూసి, గుడ్డ కోసం వంటింట్లోకి నడిచింది.

సెలవు, నమస్కారం.