దుబ్బు మొదట్లో దోమ, దుకాణంలో మందు

వ్యాఖ్యాత: నమస్కారం బాబాయ్ గారూ. వానలు తెరిపి ఇచ్చి ఉక్కపోత మొదలైందంటే సార్వా, అంటే వానాకాలం వరి వేసిన రైతుకు, రసం పీల్చే సుడిదోమ బెంగే కదా.

రైతు: బెంగ ఉండాల్సిందేనమ్మా. కానీ బెంగ పట్టిన మనిషి చేలోకి దిగడు, నేరుగా మందుల దుకాణానికి వెళ్తాడు. పక్క చేనువాడు ఏది కొట్టాడో అదే ఇమ్మంటాడు. అక్కడే వస్తుంది చిక్కు.

వ్యాఖ్యాత: చేలోకి దిగి ఏం చూడాలి?

రైతు: గట్టు మీద నుంచి చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది. దోమ ఉండేది ఆకుల మీద కాదు, నీటికి జానెడు ఎత్తులో, దుబ్బు మొదట్లో. దుబ్బును పక్కకు వంచి అరచేత్తో రెండు దెబ్బలు తట్టాలి. గోధుమరంగు నలుసులు టపటపా నీటి మీద పడతాయి, పడీ పడగానే గెంతుతాయి. లెక్కపెట్టు. పిలక దశలో దుబ్బుకు 10-15, వెన్ను వేశాక 20-25 కనిపిస్తే అప్పుడు మందు సంగతి ఆలోచించాలి. వాటితోపాటు సాలీళ్లు, పచ్చటి మిరిడ్ నల్లులు కూడా పడతాయి. అవి దోమను, దోమ గుడ్లను తినేవి. కూలి అడగని కూలీలు.

వ్యాఖ్యాత: అంతకంటే తక్కువ ఉన్నా ముందుజాగ్రత్తగా కొడితే పోయేదేముంది?

రైతు: పోయేది ఆ సాలీళ్లే. దోమ గుడ్లను ఆకు తొడిమ లోపల పెడుతుంది, మందు అక్కడికి చేరదు. పైనున్న దోమ చస్తుంది, సాలీడు చస్తుంది. వారం పది రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలు వస్తాయి, తినేవాడు ఉండడు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందులు కొట్టిన చేలల్లో దోమ అంతకు ముందుకన్నా ఎక్కువగా తిరగబెడుతుంది. చేను సుడులు సుడులుగా ఎండిపోయాక మందు పనిచేయలేదంటారు. పనిచేసిందమ్మా, దోమ తరఫున!

వ్యాఖ్యాత: మరి తప్పనిసరైనప్పుడు?

రైతు: ముందు చేలో నీరు తీసేయాలి. రెండు మూడు రోజులు ఆరితే దోమకు ఇబ్బంది. యూరియా ఆపాలి, అసలు పచ్చదనం మోజుతో వేసే ఆ చివరి బస్తాయే దోమకు విందు. ఆపైన పైమెట్రోజిన్ లీటరు నీటికి 0.6 గ్రాములు, లేదా డైనోటెఫ్యూరాన్ 0.4 గ్రాములు. ఎకరాకు 200 లీటర్ల నీరు పట్టాలి, నాజిల్ మొదళ్ల వైపు తిప్పాలి. మళ్లీ కొట్టాల్సి వస్తే అదే మందు కాక వేరే రకం తీసుకోవాలి.

వ్యాఖ్యాత: నాజిల్ లోపలికి పోవాలంటే దారి ఉండాలి కదా?

రైతు: అందుకే నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట, తూర్పు పడమరలుగా. కౌలు రైతుకు ఈ మాట చెబితే, అంత నేల వదిలేయమంటారా అంటాడు. కోపం న్యాయమైనదే, బస్తాల లెక్కన కౌలు కట్టేవాడు మరి. కానీ గాలి, వెలుతురు ఆడితే దోమ తగ్గుతుంది, మనిషి నడవగలుగుతాడు. విత్తనమూ చూసుకోవాలి. మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకాన్ని మన డెల్టా వదలదు. కానీ తర్వాత అక్కడి నుంచే వచ్చిన ఇంద్ర, అంటే 1061 నంబరు రకం, దోమను తట్టుకుంటుంది.

వ్యాఖ్యాత: ఇప్పుడు భీమవరం వైపు ఏ గట్టు అవతల చూసినా రొయ్యల, చేపల చెరువే.

రైతు: ఇది అసలు మాట. రొయ్య కూడా పురుగుకు దూరపు చుట్టమే. పైరిథ్రాయిడ్ చుక్కలు చెరువులో పడితే రొయ్య, చేప రెండూ నిలవవు. డబ్బా మీద త్రికోణం ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అని చూస్తాం కదా, అది మనిషికి ప్రమాదం ఎంతో చెప్పే గుర్తు. రొయ్య సంగతి చెప్పదు. ఆ సంగతి లోపలి కాగితంలో ఉంటుంది, దాన్ని చదవకుండానే పారేస్తాం. గాలి చెరువు వైపు వీస్తుంటే ఆ పూట మందు కొట్టే పంపు తీయకూడదు. కొట్టాక కొన్నాళ్లు చేలో నీరు మురుగు కాలువలోకి వదలకూడదు.

వ్యాఖ్యాత: ఖాళీ డబ్బాల సంగతి?

రైతు: మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పంపులోనే పోసి చేలోనే కొట్టేయాలి. తర్వాత డబ్బాకు చిల్లు పెట్టాలి. చిల్లు లేకపోతే అది ఏదో ఒకరోజు ఇంట్లో కిరోసిన్ డబ్బా అవుతుంది. పంపు మాత్రం కాలువ రేవులో కడగకూడదు. దిగువ రేవులో ఎవరో ఒకరు అంట్లు తోముతుంటారు.