సీఎస్‌వీ నుంచి జియోప్యాకేజ్‌కి, మళ్లీ వెనక్కి: క్యూజీఐఎస్‌లో బోర్ల లిస్టు

నమస్కారమండీ. స్క్రీన్ మీద ఉన్నది కర్నూలు చుట్టుపక్కల పల్లెల బోర్ల లిస్టు. సీఎస్‌వీ ఫైల్, అంటే ఉత్త టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఊరి పేరు, సర్వే నంబరు, లోతు అన్నీ చదువుకోవచ్చు. మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో దీన్ని జియోప్యాకేజ్ అనే బైనరీ ఫైల్, అంటే కంప్యూటరే చదువుకునే ఫైల్ చేసి, మళ్లీ టెక్స్ట్‌లోకి తెద్దాం.

ముందే ఒక మాట. సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్‌తో తెరిచి సేవ్ కొట్టొద్దు. సర్వే నంబరు 12/3 అని ఉంటే తేదీ చేసి పెడుతుంది.

సరే, లేయర్ మెనూ, యాడ్ లేయర్, యాడ్ డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టండి, లేకుంటే తెలుగు ఊర్ల పేర్లు పిచ్చి గీతలైపోతాయి. ఎక్స్ ఫీల్డ్‌కి లాంగిట్యూడ్, వై ఫీల్డ్‌కి ల్యాటిట్యూడ్. కావాలనే తారుమారు చేస్తున్నా, చూడండి. కర్నూలు ల్యాటిట్యూడ్ 15.8, లాంగిట్యూడ్ 78.0 కదా? ఇదిగో, మన బోర్లన్నీ పోయి నార్వే పైన స్వాల్‌బార్డ్ దీవుల్లో పడ్డాయి! మంచులో బోర్లు వేసినట్టుంది. మళ్లీ సరిచేశా. సీఆర్ఎస్, అంటే స్థానాలు ఏ కొలత పద్ధతిలో ఉన్నాయో చెప్పేది, ఈపీఎస్‌జీ 4326 పెట్టండి, అది మామూలు ల్యాటిట్యూడ్, లాంగిట్యూడ్ పద్ధతి. ఇక యాడ్.

ఇప్పుడు లేయర్ మీద రైట్ క్లిక్, ఎక్స్‌పోర్ట్, సేవ్ ఫీచర్స్ యాజ్. ఇక్కడ చాలామంది అలవాటు కొద్దీ షేప్‌ఫైల్ అనే పాత మ్యాపు ఫార్మాట్ అంటారు. నేనైతే వద్దంటా. అందులో కాలమ్ పేరు 10 అక్షరాలు దాటకూడదు. ఈ లిస్టులో ఇంగ్లీషులో బోర్‌వెల్ అండర్‌స్కోర్ డెప్త్ ఒకటి, బోర్‌వెల్ అండర్‌స్కోర్ డేట్ ఒకటి ఉన్నాయి. మొదటి 10 అక్షరాలు రెండిటికీ ఒకటే! అందుకే రెండోదాని పేరు 'బోర్‌వెల్_1' అయి కూర్చుంటుంది. లోతేదో తేదీ ఏదో తర్వాత మీరే వెతుక్కోవాలి. పైగా ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్ఎక్స్, డీబీఎఫ్ అని ముక్కలు ముక్కలు. వాట్సాప్‌లో ఒకటి పంపి మిగతావి మర్చిపోతారు.

జియోప్యాకేజ్ ఎంచుకోండి. ఒకటే ఫైల్, పేర్లు తెగవు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదట్లో 'ఎస్‌క్యూలైట్ ఫార్మాట్ 3' అని కనబడుతుంది, చాలావరకు చెత్త గుర్తులే. బైనరీ కదా, భయపడకండి, సేవ్ మాత్రం కొట్టకండి.

దూరాలు మీటర్లలో కొలవాలంటే సీఆర్ఎస్ యూటీఎం పెట్టుకోవచ్చు, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి. కర్నూలు, కడప టౌన్లు జోన్ 44లో ఉంటే అనంతపురం, ఆదోని జోన్ 43లో ఉన్నాయి. ఆ రెండు జోన్ల హద్దు, 78 డిగ్రీల లాంగిట్యూడ్ గీత, మన మధ్యలోంచే పోతుంది.

ఇక వెనక్కి. మళ్లీ ఎక్స్‌పోర్ట్, ఫార్మాట్ సీఎస్‌వీ. కింద జియోమెట్రీ దగ్గర 'యాజ్ ఎక్స్‌వై' ఎంచుకోండి, లేకపోతే జియోమెట్రీలోని ఎక్స్, వై విలువలు ఫైల్‌లోకి రావు. 'రైట్ బామ్' (ఫైల్ మొదట్లో యూటీఎఫ్-8 అని చెప్పే గుర్తు) దగ్గర ఎస్ పెడితే ఎక్సెల్‌లో తెలుగు పేర్లు సరిగ్గా కనిపిస్తాయి. ఓకే కొట్టేయండి.