అరువు వీధిలో గబ్బిలం

శ్రోతలకు నమస్కారం.

1932లో సంగతి. హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోలో పగలు పనిచేసినవాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. చీకటి పడ్డాక ఇంకో కంపెనీ వాళ్ళు కెమెరా దించుకునేవారు. ఆ కంపెనీ పేరు మెజెస్టిక్ పిక్చర్స్. పేరులో ఉన్న రాజసం గల్లాపెట్టెలో లేదు. ఊరి సెట్ సొంతంగా వేసుకునే స్తోమత ఎక్కడిది? అందుకని 'ఫ్రాంకెన్‌స్టైన్' సినిమాలో కనిపించిన ఊరి వీధినీ, 'ది ఓల్డ్ డార్క్ హౌస్' కోసం కట్టిన పాత బంగళా లోపలి గదులనూ అద్దెకు తీసుకున్నారు. ఆ వీధిలో, ఆ గదుల్లో రాత్రిళ్ళు మేలుకుని తీసిన సినిమా 'ది వాంపైర్ బ్యాట్'. అంటే నెత్తురు తాగే గబ్బిలం. దర్శకుడు ఫ్రాంక్ స్ట్రేయర్. సినిమా నిడివి గంటకు కాస్త ఎక్కువ, అంతే.

ఇలాంటి చిన్న కంపెనీలన్నిటికీ కలిపి హాలీవుడ్‌లో ఒక పేరుండేది: పావర్టీ రో. మన మాటలో చెప్పాలంటే లేనోళ్ళ వాడ. పెద్ద స్టూడియోలకు సొంత థియేటర్లుండేవి. వీళ్ళు మాత్రం ఒక్కో ప్రాంతం హక్కులు ఒక్కో పంపిణీదారుకు అమ్ముకుని, వచ్చిన డబ్బుతో ఇంకో సినిమా మొదలుపెట్టేవారు. అప్పుడు అమెరికాలో ఆర్థిక మాంద్యం. జనాన్ని రప్పించడానికి థియేటర్లు ఒకే టికెట్ మీద రెండు సినిమాలు చూపించడం మొదలుపెట్టాయి. ఆ రెండో సినిమా ఎవరో ఒకరు తీయాలి కదా! ఈ వాడ బతికింది దాని మీదే.

మరి రాత్రిళ్ళు కూడా నిద్రపోకుండా అంత హడావుడి దేనికంటారా? నటుడు లియోనెల్ ఆట్విల్, నటి ఫే రే ఇద్దరూ అప్పటికే వార్నర్ బ్రదర్స్ అనే పెద్ద స్టూడియో వాళ్ళ 'డాక్టర్ ఎక్స్' సినిమాలో కలిసి నటించారు. అదే జంటతో వార్నర్ వాళ్ళు మైనపు బొమ్మల మ్యూజియం కథతో ఇంకో సినిమా తీస్తున్నారు, అదీ రంగుల్లో. దానికి పెద్ద ఎత్తున ప్రచారం ఉంటుందని అందరికీ తెలుసు. మెజెస్టిక్ వాళ్ళు ఆ ఇద్దరినే తెచ్చుకుని, 1933 జనవరికల్లా తమ సినిమా థియేటర్లలో పెట్టేశారు. మ్యూజియం సినిమా వచ్చింది ఫిబ్రవరిలో. ఊరేగింపు ముందు పరిగెత్తే కుర్రాడు చూడండి, మేళమంతా తన కోసమే అన్నట్టు చేతులూపుతాడే, అదీ సంగతి. మార్చిలో 'కింగ్ కాంగ్' కూడా విడుదలైంది. అందులో గొరిల్లా గుప్పిట్లో కేకలు వేసే అమ్మాయి ఈ ఫే రేనే.

ఇక కథ. క్లైన్‌ష్లాస్ అని ఒక పల్లె. ఒకరి తర్వాత ఒకరు రాత్రి నిద్రలోనే పోతున్నారు. ఒంట్లో నెత్తురుండదు, మెడ మీద రెండు గాట్లుంటాయి. ఊరి పెద్దలు కూర్చుని ఇది రక్తపిశాచి పనేనని తేల్చేశారు. ఇన్‌స్పెక్టర్ కార్ల్ ఒక్కడే నమ్మడు. మనిషిని చంపింది మనిషే అంటాడు. ఆ వేషం మెల్విన్ డగ్లస్‌ది. తర్వాత రోజుల్లో రెండుసార్లు ఆస్కార్ అందుకున్న నటుడు.

హంతకుడెవరో నేను చెప్పను. డిటెక్టివ్ నవలలు నమిలి మింగినవాళ్ళయితే అరగంట కూడా పట్టకుండా పట్టేస్తారు. నిజం చెప్పాలంటే మిస్టరీగా ఇది అంత గట్టి సినిమా కాదు. లేని రోగాలన్నీ తనకే ఉన్నాయనుకునే ఒక పెద్దావిడ ఉంది, ఆవిడ కామెడీ నాకైతే విసుగు తెప్పించింది. నెత్తురు ఎందుకు తీస్తున్నారన్నదానికి చివర్లో చెప్పిన సైన్సు సంగతి ఇక అడక్కండి.

కానీ హెర్మన్ ఉన్నాడు. అమాయకుడు, మాట సరిగా రాదు, ఊళ్ళో వాడికి నా అన్నవాళ్ళెవరూ ఉన్నట్టు కనిపించదు. వాడికి గబ్బిలాలంటే ప్రాణం. ఒక గబ్బిలాన్ని చేతిలో పెట్టుకుని నిమురుతూ, ఇవి పిల్లిలా మెత్తగా ఉంటాయి, నన్ను కరవవు అంటాడు. చూసేవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. వాడి మొహంలో మాత్రం పసిపిల్లాడి సంతోషం. ఊరికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? వాడే పిశాచి అన్నారు. హత్యలతో వాడికి ఏ సంబంధమూ లేదు.

ఆ వేషం వేసింది డ్వైట్ ఫ్రై. న్యూయార్క్‌లో బ్రాడ్‌వే నాటకాల్లో రకరకాల పాత్రలు చేసి వచ్చినవాడు. 1931లో 'డ్రాకులా'లో పురుగులు తినే పిచ్చివాడిగా, 'ఫ్రాంకెన్‌స్టైన్'లో గూని సహాయకుడిగా కనిపించాక, హాలీవుడ్ అతనికి ఎక్కువగా పిచ్చివాళ్ళ వేషాలే ఇచ్చింది. సెట్టుతో పాటు ఈయన్ని కూడా ఆ పెద్ద సినిమాల నుంచే అరువు తెచ్చుకున్నారన్నమాట. అయినా సినిమాలో మనసుకు తగిలేది ఈయనొక్కడే.

ఊరు ఊరంతా కాగడాలు పట్టుకుని, కుక్కల్ని వెంటేసుకుని హెర్మన్‌ను తరుముతుంది. వాడు ఒక గుహలోకి పారిపోతాడు. ఆ గుహ లాస్ ఏంజిలస్‌లోనే గ్రిఫిత్ పార్కులో ఉంది, పేరు బ్రాన్సన్ కేవ్స్. నిజానికి గుహ కాదు, ఒకప్పుడు కంకర కోసం రాయి తవ్విన చోటు.

సినిమా నలుపు తెలుపే. కానీ ఈ తరిమే ఘట్టంలో కాగడాల మంటలకు మాత్రం రంగు వేయించారు, చేత్తో. గుస్తావ్ బ్రాక్ అనే కళాకారుడు కుంచె పట్టుకుని ఫిల్మ్ మీదే అద్దాడు. సెకనుకు 24 ఫ్రేములంటే నిమిషం దృశ్యానికి 1,440 బొమ్మలు. ఒక్కో బొమ్మ తపాలా బిళ్ళంత ఉంటుందో ఉండదో. అందులో మంట ఎంత, దాని మీద పడాల్సిన రంగు చుక్క ఎంత! వీధి అద్దెది, ఇల్లు అద్దెది, అలాంటి సినిమాలో ఇంత ఓపిక ఖర్చు పెట్టింది ఒక అమాయకుణ్ణి వేటాడే జనం చేతుల్లోని నిప్పు మీద.

ఈ సినిమాకు ఇప్పుడు కాపీరైట్ లేదు, ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. చాలా కాపీల్లో ఆ మంటలు తెల్లగానే ఉంటాయి. 2017లో బాగుచేసి విడుదల చేసిన కాపీలో మాత్రం ఆ రంగును మళ్ళీ తెచ్చారు. చూస్తే అదే చూడండి, గదిలో లైట్లు ఆపేసి. సెలవు, నమస్కారం.